బోలెక్స్ పక్కన పాకెట్ కెమెరా: మా 16ఎమ్ఎమ్ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి, ప్లానింగ్

ప్లాన్ పెద్దగా ఏం లేదు. ఒకే మనిషి, ఒకే గది, వీలైతే ఒకే లెన్సు. ఒక షాట్ బోలెక్స్ అనే పాత కెమెరాతో 16ఎమ్ఎమ్ (పదహారు మిల్లీమీటర్ల వెడల్పు) ఫిల్ము మీద తీస్తాం, వెంటనే అదే షాట్ డిజిటల్‌లో తీస్తాం, తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాం. ఫిల్ము గొప్పదా డిజిటల్ గొప్పదా అనే వాదన ఫిల్మ్‌నగర్ టీ కొట్ల దగ్గర ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది, వాదించేవాళ్ళలో సగం మంది ఫిల్ము డబ్బా మూత కూడా తీసి ఉండరు, మేమూ ఆ బ్యాచే, అందుకే ఒకసారి చేత్తో చేసి చూద్దాం అనుకున్నాం. మేము అంటే నేనూ, మా బావమరిదీ (ఎడిటింగ్ వాడి పని), ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఒక ఫ్రెండూ.

ఎవరిని తీయాలి అనేది ముందే ఫిక్స్. మా పెదనాన్న తెనాలి వైపు ఒక ఊళ్ళో సినిమా హాల్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు అయిపోయింది, కింద సీట్లన్నీ పీకేశారు, కానీ పైన ప్రొజెక్టర్ రూమ్ అలాగే ఉంది, ఎందుకంటే ఆ మెషిన్‌ని మెట్లమీంచి దింపడానికి అయ్యే కూలి దాన్ని తుక్కు కింద అమ్మితే వచ్చేదానికంటే ఎక్కువట. టెస్టుకి ఇంతకంటే మంచి చోటు దొరకదు. నల్లబడ్డ గోడలు, ఒక పక్క కిటికీలోంచి భగభగమనే ఎండ, మధ్యలో నల్ల ఇనప మెషిన్, తెల్ల బనీనులో పెదనాన్న. ఏ కెమెరాకైనా చెమటలు పట్టే కాంట్రాస్ట్.

ఏ ఫిల్ము అన్నదే అసలు ప్రశ్న. కలర్ నెగటివ్ అంటే కొడాక్ విజన్3 ఉంది. కానీ సినిమా కలర్ నెగటివ్‌కి వెనకవైపు 2025 దాకా రెమ్‌జెట్ అని నల్లటి కార్బన్ పూత వచ్చేది, పాత స్టాక్‌లో ఇప్పటికీ ఉంటుంది, అది కెమెరాలో స్టాటిక్‌నీ, ఫిల్ము వెనక నుంచి తిరిగొచ్చే వెలుతురునీ ఆపుతుంది, ల్యాబ్ మెషిన్లో దాన్ని క్షార ద్రావణంలో నానబెట్టి నీళ్ళ జెట్‌తో లేపేస్తారు. అదే పని ఇంటి బాత్రూమ్‌లో చేస్తే ఆ మసి వచ్చి ఎమల్షన్‌కి (బొమ్మ పడే పొరకి) అంటుకుని మొత్తం తారు రోడ్డు. మేం ఫిల్ముని ఇంట్లోనే కడగాలని పట్టుబట్టాం కాబట్టి బ్లాక్ అండ్ వైట్ తప్ప దారి లేదు. కొడాక్ డబుల్-ఎక్స్, నంబరు 7222. 1959 నుంచి ఉన్న స్టాక్, రెమ్‌జెట్ ఉండదు, ఐఎస్ఓ (వెలుగుని పట్టే శక్తి) ఎండలో 250, బల్బు వెలుగులో 200.

డిజిటల్ వైపు కావాలనే కొత్త కెమెరా తీసుకోలేదు. 2013లో వచ్చిన మొదటి బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరా. దాని సెన్సార్ 12.48 బై 7.02 ఎమ్ఎమ్, అంటే సూపర్ 16 (16ఎమ్ఎమ్ ఫిల్ము మీదే కాస్త వెడల్పు ఫ్రేము) సైజుకి దగ్గర. పెద్ద సెన్సార్ ఉండే ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాతో పోలిస్తే బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ వేరే లెవెల్లో ఉంటుంది, అప్పుడు మనం పోల్చేది ఫిల్మునీ డిజిటల్‌నీ కాదు, సైజునీ సైజునీ.

బోలెక్స్ చేతికొచ్చింది

సికింద్రాబాద్‌లో పాత కెమెరాలు పోగేసే ఒకాయన దగ్గర బోలెక్స్ హెచ్16 రిఫ్లెక్స్ అరువు తెచ్చాం. స్విస్ సరుకు, బ్యాటరీ లేదు, ఏం లేదు, పక్కన కీ తిప్పితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది, అంతే. నిండా తిప్పితే 24 ఫ్రేముల స్పీడులో దాదాపు 28 సెకన్లు నడుస్తుంది, తర్వాత మళ్ళీ తిప్పాల్సిందే. ఆన్ చేస్తే కుట్టుమిషన్ చప్పుడు, పక్కనే మైకు పెట్టి మాటలు రికార్డు చేద్దాం అనే ఆశ అక్కడే వదిలేశాం. సౌండ్ వేరే రికార్డర్‌లో, వేరేగా.

దీని గురించి చదివి తెలుసుకున్న విషయాలు రాసి పెడుతున్నా, ఎవరికైనా పనికొస్తాయి.

వ్యూఫైండర్ కోసం లోపల ఒక ప్రిజం ఉంటుంది, అది వచ్చే వెలుగులో కొంత కంటికి పంపేస్తుంది. షట్టర్ (వెలుగుని లోపలికి వదిలే తిరిగే చక్రం) కోత 130 డిగ్రీలు, 24 ఫ్రేముల దగ్గర నిజంగా తెరిచి ఉండేది సెకనులో 65వ వంతు, కానీ ప్రిజం తినేసేది కూడా కలుపుకుని వెలుగు కొలిచే మీటర్ మీద 80వ వంతు పెట్టుకోవాలి. డిజిటల్ కెమెరాకి అలవాటుగా 180 డిగ్రీలు పెడితే చెయ్యి కదిలినప్పుడు బ్లర్ రెంటిలో వేరుగా ఉంటుంది కాబట్టి దాన్ని కూడా 130కి దగ్గరగా తెచ్చాం.

ఇంకోటి, లెన్సు వెనక సన్నటి స్లాట్‌లో జెలటిన్ ఫిల్టర్ హోల్డర్ ఉంటుంది. ఫిల్టర్ వాడినా వాడకపోయినా ఆ హోల్డర్ మాత్రం అందులో ఉండాల్సిందే, లేకపోతే ఆ సందులోంచి వెలుగు లోపలికి పోయి ఫిల్ము పాడు. మాకొచ్చిన బాడీలో హోల్డర్ లేదు. అదొక్కటి వెతికి తెప్పించడానికే మార్చి వచ్చేసింది.

లెన్సుల సంగతి ఇంకా గమ్మత్తు. బోలెక్స్ రిఫ్లెక్స్ కోసం చేసిన 50ఎమ్ఎమ్ కంటే తక్కువ స్విటార్ అనే లెన్సుల మీద ఆర్ఎక్స్ అని రాసి ఉంటుంది, అంటే మధ్యలో ఆ గాజు ప్రిజం ఉంటుంది అని లెక్కేసి చేసినవి. అదే లెన్సు సి-మౌంట్ (లెన్సు బిగించే మర) అడాప్టర్‌తో డిజిటల్ కెమెరాకి తగిలిస్తే అక్కడ ప్రిజం ఉండదు కదా, ఎపర్చర్ (లెన్సు లోపలి కంత, ఎఫ్ నంబరు తక్కువైతే అది పెద్దది) బాగా తెరిచినప్పుడు బొమ్మ పాలు పోసినట్టు మెత్తగా వస్తుంది. ఎఫ్ 5.6కి దించితే సర్దుకుంటుంది. ఇది తెలియకుండా 25ఎమ్ఎమ్ ఆర్ఎక్స్ లెన్సుని ఎఫ్ 1.4లో రెంటికీ పెట్టి "చూశావా ఫిల్ము ఎంత షార్పో" అని తేల్చేయొచ్చు, ఎవరూ పట్టుకోలేరు కూడా. 50, 75 లెన్సులకి ఈ గొడవ లేదు, కాబట్టి అసలు పోలిక అంతా ఈ రెంటి మీదే పెట్టుకున్నాం.

స్టాక్

మా ఫ్రెండు వాళ్ళ అక్క బయటి నుంచి వస్తూ రోల్స్ పట్టుకొచ్చింది. చెక్-ఇన్ బ్యాగులో అస్సలు వెయ్యొద్దు అని చెప్పాం, ఆ ఎక్స్‌రే గట్టిది. ఇప్పుడు క్యాబిన్ బ్యాగులకి కూడా చాలా ఎయిర్‌పోర్టుల్లో సిటి స్కానర్లు వచ్చాయి, వాటిల్లో కూడా ఫిల్ము మీద పొగలాంటి మసక పడుతుంది, అందుకని చేత్తో చెక్ చేయమని అడగాలి. ఆవిడ అడిగింది, ఒకచోట వెంటనే ఒప్పుకున్నారు, ఇంకోచోట అరగంట నిలబెట్టి ఒప్పుకున్నారు.

రోల్ అంటే 100 అడుగులు. 16ఎమ్ఎమ్‌లో అడుగుకి 40 ఫ్రేములు, అంటే రోల్‌కి 4,000 ఫ్రేములు, సెకనుకి 24 చొప్పున 2 నిమిషాల 46 సెకన్లు. మొదట చివర వెలుగు తగిలి పోయేది తీసేస్తే రెండున్నర నిమిషాలనుకోండి. డిజిటల్‌లో 64 జీబీ కార్డు వేస్తే ప్రోరెస్ హెచ్‌క్యూ అనే ఫార్మాట్‌లో ముప్పావుగంట, చెరిపేసి మళ్ళీ ముప్పావుగంట.

డబ్బాలు ఫ్రిజ్‌లో పెట్టాం, 13 డిగ్రీల లోపు ఉంచమంటారు, మన వేసవిలో వేరే దారి లేదు. గోంగూర పచ్చడి జాడీకీ పెరుగు గిన్నెకీ మధ్య కొడాక్ డబ్బాలు చూసి మా అమ్మ ఇది ఎన్నాళ్ళు అని అడిగింది. తీసేటప్పుడు ముందురోజు రాత్రే బయట పెట్టాలి, చల్లటి డబ్బా తీసిన వెంటనే మూత విప్పితే మన ఉక్కపోతకి ఫిల్ము మీద చెమ్మ పడుతుంది.

పక్కమాట ఒకటి. మన దేశంలోనే ఒకప్పుడు ఫిల్ము తయారైంది, ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ అని ప్రభుత్వ కంపెనీ, 1960లో పెట్టారు, ఇందు అనే బ్రాండు. ఫోటో స్టూడియో వాళ్ళలో పెద్దవాళ్ళకి ఆ పేరు ఇప్పటికీ గుర్తే. అదిప్పుడు మూతపడింది. పాత పోస్టర్ల మీద సినిమా పేరుతో సమానంగా "ఈస్ట్‌మన్ కలర్" అని వేసేవాళ్ళు, ఫిల్ము స్టాక్ పేరు చూసి జనం టికెట్ కొన్న రోజులవి.

షూట్, మొదటి రోజు

పొద్దున్నే ప్రొజెక్టర్ రూమ్ ఊడ్చి, తడిబట్ట పెట్టి, దుమ్ము కిందకి దిగేదాకా ఆగి అప్పుడు కెమెరా తెరిచాం. 100 అడుగుల రోల్ డేలైట్ స్పూల్ మీద వస్తుంది కాబట్టి చేంజింగ్ బ్యాగు (చీకటి సంచి) అక్కర్లేదు, నీడలో లోడ్ చేసుకోవచ్చు. బోలెక్స్‌లో ఫిల్ము కొస కట్ చేసే చిన్న కత్తెర లోపలే ఉంది, కొస తోస్తే అదే లూప్ చేసుకుంటూ గేట్ (ఫిల్ము ఆగి వెలుగు తగిలే చోటు) లోపలికి వెళ్ళిపోతుంది. పెదనాన్న పక్కనుంచి చూసి, "లూపు చిన్నదైతే తెంపుద్ది, పెద్దదైతే గీసుద్ది, చూసుకో అబ్బాయ్" అన్నాడు. ఆయన జీవితంలో సినిమా కెమెరా ముట్టుకోలేదు, కానీ గేటు, పంజా, స్ప్రాకెట్ (పళ్ళ చక్రం), లూపు అన్నీ ప్రొజెక్టర్‌లోవే కదా, మా కంటే ఆయనకే ముందు అర్థమైంది.

మీటర్ పాత సెకోనిక్, బ్యాటరీ లేనిది. కిటికీ వైపు మొహం ఎఫ్ 5.6 చూపించింది, నీడ వైపు ఎఫ్ 1.4 కూడా అందట్లేదు, కిటికీ బయట గోడ మీద ఎండ ఎఫ్ 22 దాటింది. తెల్ల పంచె ఒకటి కర్టెన్ రాడ్‌కి కట్టి నీడ వైపు కొంచెం వెలుగు తిప్పాం. మొహానికి ఎఫ్ 4 పెట్టి రెండు కెమెరాలతో మొదటి షాట్ తీశాం.

డిజిటల్ కెమెరా నేటివ్ ఐఎస్ఓ 800 కాబట్టి అదే ఎఫ్ 4 కావాలంటే దానికి ఎన్‌డి ఫిల్టర్ (వెలుగు తగ్గించే బూడిద రంగు గాజు) వెయ్యాలి. బయట ఎండలో అయితే మరీ ఎక్కువ ఎన్‌డి పడుతుంది, అలాంటప్పుడు ఇన్‌ఫ్రారెడ్ దూరి నల్ల గుడ్డ నల్లగా ఉండదు, కలర్‌లో గోధుమ రంగుకి తిరుగుతుంది, బ్లాక్ అండ్ వైట్ చేస్తే బూడిద అవుతుంది. పెదనాన్న గొడుగుతో మెట్లెక్కి వచ్చే షాట్‌లో ఇది కొట్టొచ్చినట్టు కనిపించింది, ఐఆర్ కట్ ఫిల్టర్ వేశాక సరిపోయింది. ఫిల్ముకి ఆ బాధ లేదు, దానికి ఇన్‌ఫ్రారెడ్ కనపడదు. కానీ ఫిల్ముకి కూడా ఆ ఎండ ఎక్కువే, ఐఎస్ఓ 250తో 80వ వంతు దగ్గర మిట్టమధ్యాహ్నం ఎఫ్ 22 కూడా చాలదు, పైగా ఆకాశం తెల్లగా తేలిపోకుండా పసుపు ఫిల్టర్ ఒకటి, దాని మీద ఎన్‌డి ఒకటి.

ట్యూబ్‌లైట్ సంగతి చెప్పాలి. రూమ్‌లో ఒక ఎల్ఈడీ ట్యూబు ఉంది, అది ఫ్రేమ్ మూలలో బావుందని ఆపలేదు. డిజిటల్ స్క్రీన్ మీద చూస్తే గోడ కొట్టుకుంటోంది, మన కరెంటు 50 సైకిల్స్, షట్టర్ 65వ వంతు, రెండూ కలవవు. డిజిటల్లో అయితే షట్టర్‌ని 50వ వంతుకో 100వ వంతుకో మార్చేస్తే పోతుంది, బోలెక్స్‌లో ఆ నంబర్లు దొరకవు. ట్యూబు ఆపేసి హాలోజన్ ఒకటి పంచె మీదకి కొట్టాం. ఫిల్ము ఒక్కటే ఉండుంటే ఈ విషయం ఫిల్ము కడిగిన రోజు తెలిసేది. ఆ రోజు అక్కడే ఒక రూల్ పెట్టుకున్నాం, ప్రతి షాట్ ముందు డిజిటల్లో తీయాలి, అందులో చూసుకున్నాకే బోలెక్స్ తీయాలి. పాత రోజుల్లో ఈ అవకాశం ఇస్తే ఏ కెమెరామెన్ వద్దనేవాడు కాదు.

షూట్, రెండో విడత

ఈసారి పని పెదనాన్న ఆ పాత మెషిన్‌లోకి ఫిల్ము ఎక్కించడం. ఊళ్ళో ఎవరి దగ్గరో దాచిన ఒక పాత రీలు ముక్క దొరికింది, డబ్బా తీస్తే గుప్పుమని వెనిగర్ వాసన, అసిటేట్ ఫిల్ము మన వేడికీ తేమకీ కుళ్ళితే వచ్చే వాసన అదే. వంకర్లు తిరిగిపోయింది, ఆడించడానికి పనికిరాదు గానీ ఎక్కించి చూపించడానికి చాలు.

ఆయన ఎక్కించడం మొదలుపెట్టాక మాకు అర్థమైంది, ఇది 28 సెకన్లలో అయ్యే పని కాదు. పై స్పూల్ నుంచి లాగి, స్ప్రాకెట్‌కి పళ్ళు కలిపి, లూపు వదిలి, గేట్ మూసి, కింద లూపు, సౌండ్ డ్రమ్, మళ్ళీ కింద స్ప్రాకెట్. చేతులు ఆగవు, మధ్యలో కెమెరా స్ప్రింగు అయిపోతుంది. డిజిటల్లో మొత్తం ఒకే షాట్‌లో తీశాం, ఆయన చివర్లో చేత్తో చక్రం తిప్పి లూపులు సరిచూసుకుని తనలో తనే తలూపడం దాకా. ఫిల్ములో అదే పనిని ముక్కలుగా చేయించి తీశాం, రెండోసారికి ఆయన చేతుల్లో ఆ వేగం లేదు, మా కోసం నెమ్మదిగా చేస్తున్నాడు, అది తెలిసిపోతోంది. ఈ సీనులో డిజిటలే గెలిచింది, దీనికి వాదన అక్కర్లేదు.

మొహం క్లోజప్ దగ్గర మాత్రం వేరే కథ. 75 లెన్సు, కిటికీ పక్కన, కార్బన్ ఆర్క్ గురించి చెబుతున్నాడు. రెండు కార్బన్ కడ్డీల మధ్య మంట, కడ్డీలు కాలిపోయే కొద్దీ ఆ సందు పెరుగుతుంది, ఆపరేటర్ చూసుకుంటూ దగ్గరికి జరపాలి, మర్చిపోతే తెర మీద హీరో మొహం పచ్చబడి చీకటైపోతుంది, కింద నుంచి ఈలలు, తిట్లు. రెండు ప్రొజెక్టర్లు, ఒక స్పూల్ ఇరవై నిమిషాలు, కుడి పక్క పైన చుక్క పడగానే రెండోది స్టార్ట్ చేసి రెండో చుక్కకి మార్చాలి. ఒకే ప్రింటుని రెండు ఊళ్ళ హాళ్ళు పంచుకున్నప్పుడు రీలు డబ్బా సైకిల్ మీద వచ్చేదాకా పాట స్లైడ్లు వేసి జనాన్ని ఆపిన కథలు చెప్పాడు. ఇవన్నీ రికార్డర్‌లో ఉన్నాయి. బొమ్మ మాత్రం ఫిల్ము మీద కొన్ని సెకన్లే, ఆయన మాటాపి కిటికీలోంచి చూసిన దగ్గర.

కడగడం

ఇది అసలు భాగం. మే నెల, కుళాయి తిప్పితే వేడినీళ్ళు.

డెవలపర్ (బొమ్మ తేల్చే ద్రావణం) డి-76 మేమే కలిపాం. లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు, ఈ లెక్క దాదాపు వందేళ్ళుగా మారలేదు. 50 డిగ్రీల నీళ్ళలో ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, అది కరిగాకే మిగతా సల్ఫైట్, ఎందుకంటే సల్ఫైట్ ఎక్కువైతే మెటాల్ కరగదు. ల్యాబుల్లో డబుల్-ఎక్స్‌కి డి-96 వాడతారు, మాకు చేతిలో ఉన్నది ఇది. ఫిక్సర్‌కి (ఆ బొమ్మని నిలిపేదానికి) హైపో, కెమికల్స్ షాపులో సోడియం థయోసల్ఫేట్ అని అడగకపోయినా హైపో అంటే చాలు ఇచ్చేశారు.

టెంపరేచర్ 20 డిగ్రీలు కావాలి, నీళ్ళు 34 ఉన్నాయి. టబ్బులో ఐసు, అందులో కెమికల్ బాటిళ్ళు, బాటిల్‌లో థర్మామీటరు. డెవలపర్ ఒక్కటే చల్లగా ఉంటే చాలదు, స్టాప్ (డెవలపర్ పనిని ఆపేది), ఫిక్సర్, కడిగే నీళ్ళు అన్నీ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి, చల్లటి దాంట్లోంచి ఒక్కసారిగా వేడి నీళ్ళలోకి వెళ్తే జెలటిన్ ముడతలు పడుతుంది. కడగడానికి పట్టేది ఏడెనిమిది నిమిషాలు, నీళ్ళు చల్లబరచడానికి పట్టింది మధ్యాహ్నం అంతా.

ట్యాంకు యాభై అడుగులు పట్టే రష్యన్ స్పైరల్ రకం. అంటే 100 అడుగుల రోల్‌ని చీకట్లో రెండు ముక్కలు చేయాలి. బాత్రూమ్ తలుపు సందులకి దుప్పట్లు కుక్కి, ఎలక్ట్రికల్ టేప్ వేసి, లోపల నేనూ బావమరిదీ, ఫ్యాన్ లేదు, లైటు లేదు, ఒకడు ఫిల్ము పట్టుకుంటే ఒకడు స్పైరల్ ఎక్కించడం. చెమట చుక్క పడితే అక్కడ మచ్చ, అందుకని ఇద్దరం తలకి తువ్వాళ్ళు చుట్టుకున్నాం. మధ్యలో అమ్మ తలుపు కొట్టి, "ఒరేయ్, గ్యాస్ బుకింగ్ ఓటీపీ చెప్పండ్రా" అంది. ఫోను వెలుగు పడితే రోల్ గోవిందా. ఓటీపీ తర్వాత చెప్పాం.

ఫిక్సర్ అయిపోయి మూత తీసిన నిమిషం గురించి ఏం రాయను, బొమ్మలున్నాయి, అదే చాలు. ఒకచోట రెండు చుట్లు అతుక్కుపోయి కొన్ని అడుగులు తెల్లమచ్చలు, మిగతాది బాగుంది. ఆఖరి కడుగు మాత్రం ఆర్ఓ నీళ్ళతో, మా బోరు నీళ్ళతో అయితే ఆరాక తెల్లటి సున్నపు చుక్కలు వస్తాయి. ఆరబెట్టడానికి గదిలో దండెం అటూ ఇటూ కట్టి, ఎమల్షన్ వైపు తాడుకి తగలకుండా వేలాడదీసి, ఫ్యాన్ ఆపేసి, తలుపు మూసేశాం, ఫ్యాన్ గాలికి దుమ్ము లేస్తుంది. వాడేసిన హైపోలో వెండి కరిగి ఉంటుంది, దాన్ని డ్రైనేజీలో పొయ్యకూడదు, క్యాన్‌లో దాచాం. పాత బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లని కూడా కొందరు ఆ వెండి కోసమే కొనేవాళ్ళు, పెదనాన్న హాల్లో ఆడిన ఎన్ని సినిమాలు అలా కరిగిపోయాయో.

స్కాన్

మా ఫ్రెండు తుక్కులో దొరికిన 16ఎమ్ఎమ్ ప్రొజెక్టర్ ఒకటి పట్టుకొచ్చాడు, పూర్వం పబ్లిసిటీ వ్యాన్ వాళ్ళు ఊళ్ళో తెర కట్టి డాక్యుమెంటరీలు వేసేవాళ్ళే, ఆ రకం. మోటర్ పీకి స్టెప్పర్ మోటర్, బల్బు పీకి ఎల్ఈడీ, లెన్సు పీకి ఎదురుగా మాక్రో లెన్సుతో మిర్రర్‌లెస్ కెమెరా, ఒక్కో ఫ్రేము ఆగుతుంది, ఆర్డినో అనే చిన్న బోర్డు క్లిక్ కొడుతుంది, మళ్ళీ ముందుకి. రెండు సెకన్లకి ఒక ఫ్రేము చొప్పున ఒక రోల్‌కి రెండు గంటల పైనే. మొదట్లో మోటర్ వేడెక్కి ఫ్రేములు దాటేసింది, డ్రైవర్ మీద చిన్న ఫ్యాన్ పెట్టాక ఆగింది. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పర్ఫొరేషన్ (ఫిల్ము అంచు కంతలు) చూసుకుని ఫ్రేములు నిలబెట్టి, నెగటివ్‌ని తిరగేశాం.

ఇక్కడ ఒకటి గమనించండి, స్కాన్ అయిన క్షణం నుంచి ఇది కూడా డిజిటలే. ఇకపై ఎడిట్, గ్రేడ్ (వెలుగు, రంగు సర్దడం), ఎగుమతి అన్నీ కంప్యూటర్‌లోనే.

పక్కపక్కన

రెంటినీ 4:3కి కట్ చేసి, డిజిటల్‌ని బ్లాక్ అండ్ వైట్ చేసి, ఒకే టైమ్‌లైన్ మీద పెట్టాం.

కిటికీ ఉన్న షాట్: మొహానికి ఎక్స్‌పోజ్ చేసిన ఫిల్ములో కిటికీ బయట గోడ, దాని మీద ఇటుకల వరసలు నెగటివ్‌లో ఉన్నాయి, స్కాన్‌లో ఎక్స్‌పోజర్ పెంచి లాగితే వచ్చాయి. డిజిటల్‌లో అదే మీటరింగ్‌కి కిటికీ తెల్ల కాగితం. డిజిటల్‌ని రెండు స్టాపులు (అంటే వెలుగు నాలుగో వంతుకి) తగ్గించి తీసిన షాట్‌లో కిటికీ వచ్చింది, మొహాన్ని పైకి లాగితే కొంచెం నాయిస్, అంతే, వాడుకోవచ్చు. అంటే తెలిసి తీస్తే పెద్ద తేడా లేదు. నీడలో మాత్రం డిజిటల్ చాలా ముందుంది, మెషిన్ వెనక గోడ మీద క్యాలెండర్ డిజిటల్లో చదవొచ్చు, ఫిల్ములో అక్కడ గోడే లేదు.

లాప్‌టాప్ మీద, కొంచెం గ్రెయిన్ (ఫిల్ములో కనపడే నలక) కలిపి చూపిస్తే మా బావమరిది రెండుసార్లు తప్పు చెప్పాడు, వాడు రోజూ ఫుటేజ్ చూసేవాడు. అందరూ ఫిల్ము లుక్ అనేదాంట్లో చాలా భాగం గ్రేడింగ్‌లో వచ్చేస్తుంది అని ఇప్పుడు ధైర్యంగా అంటాను. పెదనాన్నకి ఫంక్షన్ హాల్ గోడ మీద ప్రొజెక్టర్‌తో వేసి చూపించాం. ఆయన ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. గ్రెయిన్ చూసి కాదు. "ఇది గేట్లో ఊగుద్ది అబ్బాయ్, అది ఊగట్లా" అన్నాడు. మేం సాఫ్ట్‌వేర్‌లో నిలబెట్టాం అనుకున్న ఆ వెంట్రుకవాసి కదలిక ఆయనకి కనపడుతోంది.

ల్యాబు లెక్క

ఇంత చేశాక నాకు అర్థమైంది ఏంటంటే, మనం ఇన్నాళ్ళూ కెమెరా గురించి కొట్టుకుంటున్నాం, అసలు విషయం ల్యాబు. బోలెక్స్ అరువు దొరికింది, ఫిల్ము ఇప్పటికీ తయారవుతోంది, దొరకనిది కడిగేవాడు. మా ఖర్చులో, మా టైములో, మా టెన్షన్‌లో ఎక్కువ భాగం కెమెరా తర్వాతదే.

పెదనాన్నతో మాట్లాడుతూ ఒక లెక్క వేశాను. 14 రీళ్ళ సినిమా అంటే 14,000 అడుగులు, రెండున్నర గంటల సినిమా. షూటింగ్‌కి లక్ష అడుగుల నెగటివ్ వాడారనుకోండి. అదే సినిమాకి వంద ప్రింట్లు వేస్తే 14 లక్షల అడుగులు. అంటే ల్యాబ్‌కి తిండి పెట్టింది షూటింగ్ కాదు, హాళ్ళకి వెళ్ళే ప్రింట్లు. 2005 తర్వాత క్యూబ్, యూఎఫ్ఓ లాంటి డిజిటల్ ప్రొజెక్షన్ పెట్టెలు మన హాళ్ళలోకి ఒక్కొక్కటిగా వచ్చాయి, ప్రింటు బాక్సు బదులు హార్డ్ డిస్కు, శాటిలైటు. అప్పటికి మన పెద్ద సినిమాలు ఇంకా ఫిల్ము మీదే తీస్తున్నారు. 2011లో రామ్ గోపాల్ వర్మ దొంగల ముఠా కెనన్ 5డి అనే ఫోటో కెమెరాలతో తీసినప్పుడు అందరూ కెమెరా గురించి మాట్లాడారు. కానీ నేల కదలడం మొదలైంది ఈ ప్రొజెక్టర్ రూముల్లోంచి. ప్రింట్ల పని పోయాక నెగటివ్ మాత్రమే కడగడానికి అంత మెషినూ, అంత కెమికల్సూ, రోజంతా నడిచే స్టాఫూ ఏ ల్యాబుకీ గిట్టదు. 2011లోనే ఏరి అనే కెమెరాల కంపెనీ ఫిల్ము కెమెరాల తయారీ ఆపింది, కొడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది, ఫుజి 2013లో సినిమా షూటింగ్ ఫిల్ము తయారీ మానేసింది. హైదరాబాద్‌లో ప్రసాద్ ల్యాబ్స్ అంటే ఇప్పటి కుర్రాళ్ళకి గుర్తొచ్చేది ప్రివ్యూ థియేటర్, పేరులో ల్యాబ్ ఎందుకుందో అడగరు.

పెదనాన్న దీన్ని చాలా మామూలుగా తీసుకున్నాడు. ఆ డిజిటల్ పెట్టె హాల్లోకి వచ్చినప్పుడు ఒక ఇంజినీర్ కుర్రాడొచ్చి బటన్ చూపించి వెళ్ళాడట, పాత మెషిన్‌ని కొన్నాళ్ళు తుడిచాడట, తర్వాత మానేశాడట. డిజిటల్ బొమ్మ బావుంటదనే అంటాడు, గీతలుండవు, ఆర్క్ పొగ పీల్చక్కర్లేదు అంటాడు. నోస్టాల్జియా అంతా మాదే.

కాబట్టి ఎవరైనా షార్ట్ ఫిల్ము ఫిల్ము మీద తీయాలా అని అడిగితే నా సమాధానం: ముందు ఎక్కడ కడుగుతారో చెప్పండి. కలర్ అయితే, ఇక్కడ కడిగేవాళ్ళు దొరక్కపోతే, విదేశీ ల్యాబ్, కొరియర్, కస్టమ్స్, రెండువైపులా ఎక్స్‌రే భయం, వారాలు పట్టే ఎదురుచూపు, ఇవన్నీ బడ్జెట్‌లో మొదటి లైన్‌లో రాసుకోండి, కెమెరా అద్దె చివర్లో. బ్లాక్ అండ్ వైట్ అయితే ఒక బాత్రూమ్, ఐసు, ఓపిక ఉన్న ఇంటివాళ్ళు. మా టెస్టు వరకు, పని చూపించే సీన్లన్నీ డిజిటల్‌లోవే వాడుతున్నాం, ఆ క్లోజప్, కిటికీ, గొడుగు ఇవి ఫిల్ము. కలిపి ఎడిట్ చేస్తే అతుకు తెలుస్తుంది, తెలియనివ్వండి.

ప్రస్తుతం

ఎడిట్ సగంలో ఉంది. సౌండ్ సర్దడం పెద్ద పని, కెమెరాతో సింక్ లేదు కాబట్టి మాటని బొమ్మ మీద కూర్చోబెట్టడం అంతా చేత్తోనే. ఆ వెనిగర్ వాసన రీలు ముక్కని కూడా స్కాన్ చేద్దామని చూశాం, 35ఎమ్ఎమ్ కాబట్టి మా ప్రొజెక్టర్ గేటులో పట్టదు, ఫ్రెండు వేరే గేటు 3డి ప్రింట్ చేస్తున్నాడు, మొదటిది పర్ఫొరేషన్ దగ్గర ఒరుసుకుంటోంది, రెండోది శనివారానికి అంటున్నాడు. ఫ్రిజ్‌లో ఇంకో రోల్ ఉంది. వానలు పడి కుళాయి నీళ్ళు చల్లబడ్డాక అది తీస్తాం, అప్పటిదాకా ఆ అరలో పచ్చడి జాడీ పెట్టుకుంటానని అమ్మ నోటీసు ఇచ్చింది, రోల్‌ని కూరగాయల ట్రేలోకి మార్చాం.